నాలుగో వరుస చెవి

నాలుగో వరుస దారి, సెంట్-అమెడే
ఏప్రిల్ చివర

ఫాబియెన్‌కి తాత రాయునది.

ఇక్కడ నేను, మీ అమ్మమ్మ, పొయ్యి, ముగ్గురం బాగానే మండుతున్నాం. నువ్వు మోంట్రియాల్లో వేళకి తింటున్నావనుకుంటాను.

ఈ ఏటికి మేపుల్ చెట్ల తీపి నీళ్ళు దిగడం అయిపోయింది. మొగ్గ విచ్చింది. మొగ్గ విచ్చాక దిగే నీళ్ళతో పాకం కాస్తే క్యాబేజీ వాసన కొడుతుంది. అందుకని పంపు ఆపేశాం. మంచి ఏడాదే అనాలి.

అనలేకపోతున్నాను. అడవిలో ఒక లీకు ఉంది. దొరకలేదు.

నీ చిన్నప్పుడు చూపించాను గదా. చెట్టు నుంచి చెట్టుకి పిల్ల గొట్టాలు, అవన్నీ కలిసే పెద్ద గొట్టం, అది దిగువన పాకం కొట్టం దాకా. పంపు లాగుతున్నప్పుడు ఎక్కడ చిన్న చిల్లి ఉన్నా అది గాలి పీల్చి సుయ్‌మంటుంది. నేను వింటూ నడుస్తాను. వేలు పెడతాను. ఆగితే అదే లీకు. రిబ్బను కడతాను. అజుతోర్ వెనకాల వచ్చి అతుకుతాడు. మా ఇద్దరి అడవీ కలిపి ఇన్నేళ్ళూ ఇలాగే నడిచింది. నా గురించి నేను చెప్పుకోవడం నాకు రాదు. కాని పై ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చి, "దొనా, మా అడవి ఒకసారి విని పెట్టవూ" అని అడుగుతారు. మా దారి పేరు పెట్టి నాలుగో వరుస చెవి అంటారు నన్ను. ఒకసారి చర్చిలో ఫాదర్ కూడా అన్నారు.

ఈ ఏడాది ఎటు నడిచినా అదే సుయ్. కుడివైపు నుంచి. ఆ చెట్టు దగ్గరికి వెళితే అవతలి చెట్టు దగ్గర ఉన్నట్టుంటుంది. సుయ్, సుయ్, సుయ్ అని, పంపు కొట్టుకున్నట్టే. పంపు లాగుడు చూపించే గేజీ ముల్లు మాత్రం నిండుగా నిలబడి ఉంది, అడవిలో చిల్లే లేదన్నట్టు. గేజీ అబద్ధమాడుతోంది. అజుతోర్‌తో అన్నాను, నీ అతుకులు వదులయ్యాయని. అతను టోపీ తీశాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, వెళ్ళిపోయాడు.

ఫోన్ చెయ్యకు. ఫోన్‌లో నాకు మాట రాదని నీకు తెలుసు. రాయి.

తాత


మోంట్రియాల్
మే

తాతకి,

నీ ఉత్తరం ఆసుపత్రి క్యాంటీన్‌లో చదివాను. "ముగ్గురం మండుతున్నాం" దగ్గర సూపు పొరపోయింది. పక్కనున్న నర్సు వీపు మీద చరిచింది. నువ్వు అంత దూరం నుంచి మనిషిని చంపగలవు.

నా కొత్త పని ఏమిటని అంతకు ముందు ఉత్తరంలో అడిగావు. విను. ఎక్స్‌రే గది నుంచి నన్ను కాథెటర్ గదికి మార్చారు. గజ్జల్లో చిన్న గాటు పెట్టి, అక్కడి రక్తనాళంలోంచి కాథెటర్ అనే సన్న గొట్టాన్ని మెడ దాకా పంపుతారు. దాని లోపలి నుంచి ఇంకా సన్నది, ఉడికిన సేమియా అంత మెత్తనిది, తలలోకి. పుర్రె తెరవక్కర్లేదు. నేను సీసం కోటు వేసుకుని యంత్రం దగ్గర నిలబడి ఎక్స్‌రే బొమ్మలు తీస్తాను. రంగు మందు వదలగానే తలలోని నాళాలన్నీ ఆకు రాలిన చెట్టులా తెర మీద లేస్తాయి. డాక్టర్ అర్సెనో ఆ చెట్టులో కొమ్మ కొమ్మా ఎక్కుతూ పోతుంది. దీవుల్లో పుట్టి పెరిగిన మనిషి, చేపల పడవల కుటుంబం. మాట తక్కువ, నీలాగే.

మొదటిరోజు నాకు మన అడవే గుర్తొచ్చింది తాతా. గొట్టాలే, అచ్చంగా. కలవకూడనివి ఎక్కడ కలిశాయో వెతికి, అక్కడ మూయడం.

ఒక సందేహం. పంపు ఆపేశామన్నావు. మరి ఆ సుయ్ ఆగిందా?

అజుతోర్ తాతతో రాజీ పడు. ఆయన అతుకులు వదులైతే ఈ లోకంలో గట్టిదేదీ లేదు.

నీ ఫాబియెన్


నాలుగో వరుస దారి
జూలై

ఫాబియెన్‌కి తాత రాయునది.

గడ్డి కోశాం. వాన రాకముందే కొట్టంలో పడింది. స్ట్రాబెర్రీలు పోయినేటి కంటే చిన్నవి, తీపి ఎక్కువ. మీ అమ్మమ్మ జామ్ పట్టింది. నీకు రెండు సీసాలు తీసిపెట్టింది. ఒకటి నేను తిన్నాను.

నీ ఉత్తరం ఆమెకి చదివి వినిపించాను. గట్టిగా చదవాలి గదా. దారిన పోయే పాలబండి ఆగి విని వెళ్ళింది. అంతా విని ఆమె, "సేమియా వండే పనికి సీసం కోటు దేనికి?" అంది. ఆమెకి ఏమీ వినపడదు, నాకు అతిగా వినపడుతుంది. చెరి సగం పంచుకుంటే సరిపోయేది.

పంపు సంగతి అడిగావు. ఆగిన పంపు చెవిలో కొన్నాళ్ళు ఉంటుంది. పడవ దిగినవాడికి నేల ఊగినట్టు.

అజుతోర్ రావడం లేదు. గొట్టాలన్నీ ఒక్కణ్ణే కడుగుతున్నాను. అతని అతుకులు కొన్ని కోసి చూశాను. గట్టిగానే ఉన్నాయి. కోశాక తెలిసి ఏం లాభం.

తలలో చెట్టు లేస్తుందన్న మాట బాగుంది. అది మూడుసార్లు చదివాను.

తాత


మోంట్రియాల్
ఆగస్టు

తాతకి,

పడవ దిగినవాడికి నేల ఒక పూట ఊగుతుంది. వేసవంతా ఊగదు.

నేను అక్కడికి వద్దామంటే మా గదిలో ఇద్దరు సెలవులో ఉన్నారు, నాకు ఖాళీ లేదు. అందుకని నేను అడిగినవి నువ్వే చూసి రాయాలి. సిగ్గుపడకు.

ఒకటి. ఆ సుయ్ వింటూ మణికట్టు నాడి పట్టుకో. రెండూ కలిసి కొట్టుకుంటున్నాయా?

ఇంకొకటి. కుడి చెవి వెనక ఎముక ఉంటుంది కదా, దాని వెనక అంచున నాడి తగిలే చోట వేలు పెట్టు. మన గొట్టం మీద లీకు దొరికినప్పుడు ఎలా నొక్కుతావో అలా నొక్కు. ఏమైందో రాయి.

భయపెట్టడానికి కాదు. నాలుగో వరుస చెవిని నేనూ నమ్ముతాను కనకనే అడుగుతున్నాను. నువ్వు లేని మోత వినేవాడివి కాదు.

ఫాబియెన్


నాలుగో వరుస దారి
అక్టోబరు

ఫాబియెన్‌కి తాత రాయునది.

బాతులు వెళ్ళిపోయాయి. మంచు బాతులు, ఆకాశం సగం తెల్లబడింది. కట్టెలు పేర్చాను. ఎర్ర ఆవు ఈనింది. పెయ్య. దానికి నీ పేరు పెడతానంటే మీ అమ్మమ్మ ఒప్పుకోలేదు.

శనివారం చర్చి హాల్లో పంటల డాన్సు. ఫిడేలు వాయించే ముసలాయన ఇంకా ఉన్నాడు. నేను ఒక పాటకే లేచాను. బఠాణీ సూపు ఉప్పన.

ఇంకేం విశేషాల్లేవు.

తాత

*అడుగున నేను రాస్తున్నాను ఫాబియెన్, మీ అమ్మమ్మని. ఆయన పోస్టుకి వెళ్ళబోతూ టోపీ కోసం లోపలికి వెళ్ళాడు. ఆ ఒక్క పాటకి నాతోనే ఆడాడు. చెంపకి చెంప ఆనించాను, నా చెవి మిషను ఆయన చెవికి తగిలింది. "దొనా, నీ పంపు ఆపలేదా, ఇక్కడ దాకా వినపడుతోంది" అన్నాను. నాకు వినపడటమేమిటి, నువ్వే ఆలోచించు. ఆయన నన్ను పాట మధ్యలో వదిలేసి వెళ్ళి కూర్చున్నాడు. పెళ్ళయ్యాక ఎప్పుడూ అలా చెయ్యలేదు. టోపీ దొరికినట్టుంది, వస్తున్నాడు.*


మోంట్రియాల్
అక్టోబరు

తాతకి,

బాతులు, ఆవు, సూపు అన్నీ చదివాను. నేను అడిగింది లేదు.

వేలు పెట్టావా? ఆగిందా, లేదా?

ఫాబియెన్


నాలుగో వరుస దారి
నవంబరు

ఫాబియెన్‌కి.

నొక్కాను. ఆగింది.

వేలు తీశాను. మళ్ళీ మొదలైంది.

నువ్వు ఆగస్టులో అడిగినప్పుడే నొక్కాను.

తాత


మోంట్రియాల్
డిసెంబరు

తాతకి,

నువ్వు వచ్చి పరీక్షలు చేయించుకుని వెళ్ళాక గదిలో ఎవరూ లేనప్పుడు నీ బొమ్మలు మళ్ళీ పెట్టి చూశాను. ఆ రోజు నీ మంచం పక్కన నిలబడి నీకు సరిగా చెప్పలేకపోయాను. నువ్వు కప్పు వైపు చూస్తూ "సరే, సరే" అన్నావు. నువ్వు "సరే" అన్నావంటే విననట్టే. కాగితం మీద చెప్తే వింటావు.

గుండె నుంచి వేగంగా వచ్చే నాళాలు వేరు, మెల్లగా తిరిగి వెళ్ళే సిరలు వేరు. మధ్యలో సన్నటి వేర్ల అల్లిక ఉండాలి, వేగం తగ్గడానికి. నీకు కుడి చెవి వెనక, మెదడు మీది పొరలో, ఆ రెండూ నేరుగా కలిసిపోయాయి. పుట్టుకతో వచ్చింది కాదు, ఎప్పుడో మధ్యలో వచ్చింది, ఎందుకో ఎవరికీ తెలియదు. వేగంగా వచ్చే రక్తం పల్చటి సిరలోకి దూకుతోంది. నువ్వు వింటున్నది ఆ దూకుడే.

మోత ఒక్కటే అయితే ఊరుకోవచ్చు. కాని ఆ రక్తం వెనక్కి తన్ని మెదడు మీది చిన్న సిరల్లోకి పోతోంది. పెద్ద గొట్టం వెనక్కి తన్నితే పిల్ల గొట్టం ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? ఉబ్బి ఉన్నాయి తాతా, వంకరలు తిరిగి. ఒక రోజు పగులుతాయి. ఏ రోజో డాక్టర్ అర్సెనోకి కూడా తెలియదు. పగిలితే నువ్వు ఉండవు, లేదా ఉన్నా మాట ఉండదు.

కాథెటర్‌తో లోపలి నుంచి మూస్తారు. మార్చి మొదటి వారంలో నీకు రోజు ఇచ్చారు. ఇంకా ముందు ఖాళీ లేదు.

ఫాబియెన్


నాలుగో వరుస దారి
జనవరి

ఫాబియెన్‌కి తాత రాయునది.

కొత్త సంవత్సరం నీకు మంచి చెయ్యాలి. ఇక్కడ మంచు కిటికీ దాకా ఉంది.

మార్చి మొదటి వారమంటే మేపుల్ నీళ్ళు దిగే వేళ. పంపు పెట్టే వేళ. కుదరదు. మేలో చూద్దాం.

ఇంకో మాట. చెప్పకూడదనుకున్నాను. మీ అమ్మమ్మ రాయమంది.

లీకు నా తలలో ఉందంటే నేను ఇన్నాళ్ళూ విన్నవి ఏమిటి? విని పెట్టమని వచ్చినవాళ్ళకి ఏం చెప్పను? పోయినేడు పై ఊరి వాళ్ళ అడవిలో కూడా రిబ్బన్లు కట్టాను. వాళ్ళు ఆ గొట్టాలు కొత్తవి వేసుకున్నారు. నాకు చదువు ఊరి బడి ఆరో తరగతి. పాట రాదు, మాట రాదు. నాకున్నది ఈ చెవి ఒకటి. అది తప్పు విన్నదని ఊళ్ళో తెలిస్తే నేను చర్చికి ఏ మొహంతో వెళ్ళాలి?

లోపల మూసేటప్పుడు చెవి కూడా మూసుకుపోతే?

మేలో చూద్దాం.

తాత


మోంట్రియాల్
జనవరి

తాతకి,

నీ చెవి తప్పు వినలేదు. లీకు ఉంది అన్నావు, ఉంది. కుడివైపు అన్నావు, కుడివైపే. వేలు పెడితే ఆగుతుంది అన్నావు, ఆగింది. దారి ఒక్కటే తప్పావు.

డాక్టర్ అర్సెనోకి నీ కథ చెప్పాను. ఆమె నవ్వదు. నవ్వింది. "లీకు కోసం అడవంతా వెతికాడా?" అంది. తరవాత మెల్లగా, "వెతికాడు కదా. ఎక్కువమంది వెతకరు" అంది. చాలామంది ఇదేదో వయసు మోత అని దిండు కింద తల పెట్టుకుంటారట. కొందరు పగిలాకే మా గదికి వస్తారు. అలాంటివాళ్ళ బొమ్మలు నేను తీశాను. నువ్వు నీ చెవి పట్టుకుని, నీ కాళ్ళ మీద నడిచి వచ్చావు. నేను ఆ గదిలో అందరికీ చెప్పుకున్నాను, ఆ చెవి మా తాతదని.

ఎలా మూస్తారో చెప్తాను, నీకు నచ్చుతుంది. సన్న గొట్టం లీకు దగ్గరికి చేరాక ఒక నల్లటి జిగురు మందు వదులుతారు. వేడి పాకం మంచు మీద పోస్తే ఎలా మెల్లగా పాకుతూ గట్టిపడుతుందో అలాగే. తొందరపడకూడదు. కాస్త వదిలి, ఆగి, బొమ్మ చూసి, మళ్ళీ వదలాలి. అది సరిగ్గా ఆ రెండూ కలిసిన చోటికి చేరాలి. ముందే ఆగిపోతే రక్తం ఇంకో దారి వెతుక్కుంటుంది. మించి పోతే మంచి సిర మూసుకుపోతుంది. ప్రమాదం లేదని నేను అనను. నువ్వు అడిగితే డాక్టరూ అనదు. కాని మే దాకా ఆగడంలో ఉన్న ప్రమాదం ఇంకా పెద్దది. చెవిలోకి పోయే దారి దీనికి పక్కన ఉంది, అదెక్కడుందో ఆమెకి తెలుసు.

ఆ రోజు నేను అక్కడే ఉంటాను.

అజుతోర్ తాతకి చెప్పు. ఊరికి వద్దు. ఆయనకి చాలు.

నీ ఫాబియెన్


నాలుగో వరుస దారి
ఫిబ్రవరి

ఫాబియెన్‌కి తాత రాయునది.

అజుతోర్ ఇంటికి వెళ్ళాను. కొట్టంలో మంచుబండి బాగుచేస్తూ దాని కింద పడుకుని ఉన్నాడు. నా బూట్లు చూసే గుర్తుపట్టాడు.

"ఎందుకొచ్చావ్? కొయ్యడానికి నా అతుకులు ఇంకా ఏమన్నా మిగిలాయా?"

"లీకు దొరికింది" అన్నాను.

బయటికి వచ్చాడు. "ఎవడి అతుకు?"

చెవి వెనక వేలు పెట్టి చూపించాను.

"మతి పోయిందా?"

నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. రెండు నాళాలు కలవడం, రక్తం దూకడం. అంత మాట నేను ఎప్పుడూ ఒక్కసారిగా మాట్లాడలేదు. అతను నోరు తెరుచుకుని విన్నాడు. తరవాత "తబర్నాక్!" అని అరిచాడు. ఫాదర్ దగ్గర తప్పు చెప్పుకోవాల్సిన తిట్టు.

"చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికాడంటారు. నువ్వు బుర్రలో లీకు పెట్టుకుని అడవంతా కోశావురా! నా అతుకులు! ఒక్కొక్కటీ వేడినీళ్ళలో ముంచి, వేళ్ళు కాల్చుకుని వేసినవి!"

నవ్వాడు. కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వాడు. మంచుబండి మీద చతికిలబడ్డాడు. నేను నిలబడి ఉన్నాను. నవ్వు అయిపోయాక, "ఏదీ, విననీ" అన్నాడు. నా తలకి చెవి ఆనించాడు. అతని గడ్డం గుచ్చుకుంది. చాలాసేపు అలాగే ఉన్నాడు. వాళ్ళావిడ కాఫీ తెచ్చి, మమ్మల్ని అలా చూసి, గుమ్మంలోనే నిలబడిపోయింది.

"దొనా" అన్నాడు. "ఇది మామూలు లీకు కాదురా. ఎప్పుడు మూస్తారు?"

"మార్చి మొదటి వారం. మేలో వెళ్దామనుకుంటున్నాను."

"మేలో నిన్ను పూడ్చడానికి నేల మెత్తబడుతుందనా? నోరు మూసుకుని వెళ్ళు. అడవి నేను చూసుకుంటాను. నీ చెవి లేకపోయినా నా అతుకులు ఒక్క ఏడాది నిలబడతాయి."

కాఫీ తాగాను. అతనితో అనాల్సిన మాట ఒకటి ఉండిపోయింది. నోటిదాకా వచ్చింది. కాఫీతో పాటు దిగిపోయింది.

వస్తాను. బస్సు దగ్గరికి రా.

తాత


నాలుగో వరుస దారి
మార్చి

ఫాబియెన్‌కి తాత రాయునది.

ఇంటికి చేరాం. గజ్జల దగ్గర నల్లగా కమిలింది. నొప్పి లేదు. బరువులు ఎత్తొద్దన్నారు, మీ అమ్మమ్మ టీ కప్పు కూడా ఎత్తనివ్వడం లేదు.

మెలకువ వచ్చినప్పుడు నన్ను ఎవరో దోచుకున్నట్టు అనిపించింది. ఏదో తగ్గింది. ఏమిటో తెలియలేదు. పళ్ళు చూసుకున్నాను, ఉన్నాయి. ఉంగరం లేదు, అది మీ అమ్మమ్మ దగ్గర ఉంది. అప్పుడు తెలిసింది. సుయ్ లేదు. పక్క మంచం ఆయన గురక వినపడుతోంది. దూరంగా ఎవరో చెంచా పడేశారు. అది కూడా వినపడింది.

కాథెటర్ అంటే నాకు ఇప్పటికీ నమ్మకం కుదరడం లేదు. గజ్జల్లో గింజంత మచ్చ. అక్కడి నుంచి తల దాకా వెళ్ళి వచ్చారంటే.

మీ అమ్మమ్మ ముద్దు పెట్టబోయి ఆగిపోయింది. "ఏమిటీ వెల్లుల్లి కంపు? నన్ను క్యాంటీన్‌కి పంపి ఏం తిన్నావ్?" అంది. నర్సు చెప్పింది, లోపల పోసిన మందు వాసనట, రెండ్రోజులు ఒంట్లోంచి వస్తుందట. బస్సులో మీ అమ్మమ్మ కూడా వెనక సీటుకి పోయింది, నా పక్క సీటు మోంట్రియాల్ నుంచి ఇక్కడి దాకా ఖాళీ. అజుతోర్ వచ్చి చూసి, "సాసేజీలా ఉన్నావు, పొగ పెట్టడమే తక్కువ" అన్నాడు.

ఒక సంగతి రాయాలి. నన్ను లోపలికి తోసుకెళ్ళేటప్పుడు సీసం కోటు వేసుకుని నా పక్కన నడిచావు. తలుపు దగ్గర ఉన్న పెద్దమనిషి నిన్ను చూసి పక్కకి తప్పుకున్నాడు. డాక్టరమ్మ ఏదో అడిగింది, నువ్వు కాగితం చూడకుండా చెప్పావు. ఆమె తల ఊపింది. ఆ మంచం మీద భయం వెయ్యాలి. నాకు గర్వం పొంగింది. నవ్వుతూ నిద్రపోయానట, మత్తు ఇచ్చినాయన చెప్పాడు.

ఊళ్ళో అందరికీ చెప్పాను, నా తలలో లీకు నా మనవరాలు మూసిందని.

తాత


మోంట్రియాల్
మార్చి

తాతకి,

నీ ఉత్తరం ముందు పెట్టుకుని రెండు రోజులు ఏమీ రాయలేకపోయాను. నీకు చెప్పనిది ఒకటి ఉంది.

ఆ రోజు నేను బొమ్మలు తీయలేదు. సొంతవాళ్ళు మంచం మీద ఉంటే మమ్మల్ని ఆ యంత్రం దగ్గర నిలబడనివ్వరు. అది మంచి నియమం. నిన్ను లోపల పడుకోబెట్టాక నేను బయటికి వచ్చాను. అద్దం వెనక నిలబడ్డాను. "అక్కడే ఉంటాను" అని రాశాను, అది నిజమే. అంతకంటే ఎక్కువ రాస్తే నువ్వు రావని భయపడ్డాను.

కాథెటర్ పైకి వెళ్ళడం చూశాను. రంగు మందుతో నీ చెట్టు లేచింది. డాక్టర్ అర్సెనో చెవి వెనక కొమ్మలోంచి ముందు ప్రయత్నించింది. వంకరలు ఎక్కువ, వెనక్కి వచ్చింది. మెదడు పొరకి వెళ్ళే ఇంకో కొమ్మ పట్టుకుంది. లీకు దాకా చేరింది. మందు వదలడం మొదలు పెట్టగానే నీ గుండె మెల్లబడింది. అలా జరగవచ్చని మాకు తెలుసు, ఆ పొరలో నరం ఒకటి ఉంటుంది, దాన్ని కదిపితే గుండె నెమ్మదిస్తుంది. తెలియడం వేరు, నీ గుండె చప్పుడు ఆ యంత్రంలో టిక్… టిక్… అని దూరం దూరం అయిపోతుంటే అద్దం వెనక నుంచి వినడం వేరు. ఆమె చెయ్యి ఆపింది. కదపలేదు. మత్తు డాక్టరు ఏదో సూది ఇచ్చాడు. టిక్‌లు మళ్ళీ దగ్గరికి వచ్చాయి. ఆమె మళ్ళీ వదిలింది, ఇంకా మెల్లగా.

నల్లటి మందు పాకుతూ వెళ్ళి సరిగ్గా ఆ కలిసిన చోట చేరింది. మంచు మీద పాకంలా. ఇంకోసారి రంగు మందు వదిలి బొమ్మ తీశారు. సిర ముందులా వెంటనే కనిపించలేదు. కనిపించాల్సిన వేళకి మాత్రమే, నెమ్మదిగా, అందరికీ కనిపించినట్టు కనిపించింది. ఉబ్బిన పిల్ల సిరలు ఎక్కడా లేవు.

అప్పుడు ఆమె అద్దం వైపు చూసి నన్ను రమ్మంది. స్టెతస్కోపు నీ చెవి వెనక పెట్టి, చెవి గొట్టాలు నాకు ఇచ్చింది. "విను, నువ్వు ఆ ఇంటి పిల్లవి కదా" అంది.

విన్నాను. ఏమీ లేదు తాతా. అంత శ్రద్ధగా ఏమీ లేకపోవడాన్ని నేను ఎప్పుడూ వినలేదు.

మూసింది ఆమె. ఊళ్ళో సరిదిద్దు. నేను విన్నాను, అంతే.

నీ ఫాబియెన్


నాలుగో వరుస దారి
ఏప్రిల్

ఫాబియెన్‌కి తాత రాయునది.

ఇక్కడ నేను, మీ అమ్మమ్మ, పొయ్యి బాగున్నాం. కొత్తగా అజుతోర్ కూడా ఇక్కడే ఉంటున్నాడు, భోజనాల వేళకి.

ఊళ్ళో సరిదిద్దమని మీ అమ్మమ్మకి చెప్పాను. ఆమెకి వినపడలేదు. నేను రెండోసారి చెప్పలేదు.

గుండె మెల్లబడ్డ సంగతి చదివాక నాడి పట్టుకుని చూసుకున్నాను. బాగానే కొట్టుకుంటోంది. నువ్వు అద్దం వెనక నిలబడ్డావన్న మాట మడిచి జేబులో పెట్టుకున్నాను. సొంతవాళ్ళని ముట్టనివ్వని నియమం మంచిదే. కాని వినడం తక్కువ పని అన్నట్టు నువ్వు రాశావు. అది ఈ ఇంట్లో రాయకూడని మాట.

పై ఊరి వాళ్ళ దగ్గరికి వెళ్ళి ఉన్నది చెప్పాను. గొట్టాలు ఎలాగూ పాతవే, మార్చడం మంచిదైంది అన్నారు. ఈ ఏడాది కూడా వచ్చి వినమన్నారు.

నిన్న నడవొచ్చని మన ఊరి డాక్టరు చెప్పాడు. అడవిలోకి వెళ్ళాను. అజుతోర్ తోడు వచ్చాడు, నేను పడిపోతే మోయడానికని. పంపు లాగుతోంది. గేజీ ముల్లు నిండుగా ఉంది. ఈసారి దాన్ని నమ్మాను. సగం దూరం లీకు చప్పుడేదీ వినపడలేదు. వడ్రంగి పిట్ట, మంచు జారడం, గొట్టంలో నీళ్ళు పోయే చప్పుడు, అంతే. నాకు భయం వేసింది. సుయ్‌తో పాటు చెవి కూడా పోయిందేమో అనుకున్నాను. అజుతోర్‌తో అనలేదు.

పైన పాత రాతిగోడ దగ్గర ఆగాను. ఉంది. చాలా సన్నది, దారం లాగినట్టు.

"ఏముంది?" అన్నాడు.

"లీకు."

"నాకేం వినపడటం లేదు. దొనా, ముందు నీ చెవి వెనక వేలు పెట్టు. తరవాత మాట్లాడదాం."

పెట్టాను. నొక్కాను. చప్పుడు ఆగలేదు. అదే సుయ్, అలాగే. అంత ఆనందం నాకు ఎప్పుడూ కలగలేదు. అప్పుడు మంచులో మోకాళ్ళ మీద దిగి గొట్టం తడుముకుంటూ పోయాను. అతని అతుకు తగిలింది. అజుతోర్ ఊపిరి బిగబట్టాడు. అతుకు దాటాను. ఒక జానెడు అవతల, ఉడత కొరికిన గాటు. వేలు పెట్టాను. ఆగింది.

"నీ అతుకు కాదు" అన్నాను.

"ఏంటీ?"

"ఉడత. నీ అతుకు గట్టిగా ఉంది."

"వినపడటం లేదు. నేను ముసలాణ్ణి. గట్టిగా చెప్పు. నువ్వు తిట్టినప్పుడు ఈ చెట్లన్నీ విన్నాయి, ఇప్పుడూ వినాలి."

నా సంగతి నీకు తెలుసు. ఫోన్‌లో కూడా నాకు మాట రాదు. పెళ్ళినాడు చర్చిలో "ఔను" అన్నది కూడా ఫాదర్‌కి వినపడక రెండోసారి అడిగారు.

లేచి నిలబడ్డాను. అరిచాను. "అజుతోర్ అతుకులు గట్టివి! లీకు నా తలలో ఉంది! నా మనవరాలు దాన్ని మూయించింది!"

కాకులు లేచాయి. అజుతోర్ టోపీ తీశాడు, ఈసారి మళ్ళీ పెట్టుకోలేదు, చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. తరవాత గాటు కోసి, వేడినీళ్ళ ఫ్లాస్కు తీసి, అతుకు వేశాడు. ఇద్దరం దిగి వచ్చాం.

కింద మీ అమ్మమ్మ పాకం కొట్టం గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఉంది. "ఎందుకలా అరుస్తావు?" అంది. "నాకు వినపడుతోంది."

తాత